నాలుగు వందల పది తర్వాత

ఆ గదిలో ఉన్నవాళ్ళు, ఉన్నవి: మా అమ్మ. రూత్ దీదీ. ఒకదానికొకటి చేర్చి తాడుతో కట్టిన నాలుగు బడి బెంచీలు. రెండు పాత చీరలు, ఒక తువ్వాలు. స్టీలు క్యానులో చన్నీళ్ళు. కాగితం విప్పని కొత్త బ్లేడు. నల్లబల్ల, దాని మీద ఉదయం నుంచి కనపడని మనుషుల పేర్లు సుద్దముక్కతో వరుసగా. తలుపు బయట, గోడకు ఆనుకుని, తొమ్మిదేళ్ళ నేను.

లేనివి: డాక్టరు, కరెంటు, మా నాన్న, ఆక్సిజన్ సిలిండరు.

అది 2004 డిసెంబరు 26 మధ్యాహ్నం. పోర్ట్‌బ్లెయిర్‌లో గుట్ట మీది ఒక బడి. ఆ పొద్దున ఆరున్నరకు భూమి కదిలి హాడోలో మా క్వార్టరు గోడ పైనుంచి కిందికి చీలింది. నిండు నెలల అమ్మను చెరో పక్కా పట్టుకుని నాన్న, నేను గుట్ట ఎక్కించాం. నాన్నది జెట్టీకి వచ్చే ఓడల తాళ్ళు అందుకుని కట్టే ఉద్యోగం. కింద ఓడల తాళ్ళు తెగాయని కబురొచ్చింది. ఆయన వెళ్ళాలి. వెళ్తూ నా భుజాలు పట్టుకుని ఒక పని అప్పజెప్పాడు. భూమి కదలడం ఆగగానే ఒకటి నుంచి లెక్కపెట్టాలి. మళ్ళీ కదిలేసరికి ఎంత వచ్చిందో నోటుబుక్కులో రాయాలి. తను వచ్చాక చూస్తాడు. నేను ఏడవకుండా ఉండటానికి ఇచ్చిన పని అని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ప్రభుత్వం నా మీద పెట్టిన బాధ్యతలా చేశాను.

మధ్యాహ్నానికి అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి అంత దూరమేమీ కాదు. కానీ నీళ్ళు మళ్ళీ వస్తున్నాయన్న పుకారుతో దారి నిండా పైకి ఎక్కుతున్న మనుషులే, కిందికి దిగే బండి ఒక్కటీ లేదు. రూత్ దీదీ మాయాబందర్ వైపు, ఎప్పుడో బర్మా నుంచి వచ్చి స్థిరపడిన కరెన్ల ఊరి మనిషి, అక్కడే నర్సు. క్రిస్మస్‌కు చుట్టాలింటికి వచ్చి, మాలాగే గుట్టెక్కింది. ఎవరికైనా వైద్యం అవసరమా అని గుంపులో తనే అడుగుతూ తిరుగుతుంటే మేం దొరికాం.

ఒక చిన్న అదురు వచ్చి ఆగింది. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి దీదీ గొంతు: "ఆ గయీ. లడ్కీ హై." ఆడపిల్ల పుట్టింది.

నేను ఒకటి నుంచి మొదలుపెట్టాను. లోపల చప్పుడు లేదు. వంద దాటింది. అరికాళ్ళ మీద చరుస్తున్న చప్పుడు. రెండు వందలు. ఎవరో ఊదుతున్నట్టు, ఆగి మళ్ళీ ఊదుతున్నట్టు. మూడు వందల దగ్గర అమ్మ ఏదో అడిగింది, దీదీ జవాబివ్వలేదు. నాలుగు వందల పది దగ్గర పిల్లికూన అరిచినట్టు ఒక సన్నని ఏడుపు. వెంటనే అమ్మ ఏడుపు. నా లెక్క తప్పింది. విసుగ్గా నోటుబుక్కులో రాశాను: '410. పాప ఏడ్చింది. లెక్క తప్పింది.'

సాయంత్రం నాన్న తిరిగొచ్చి ఆ పేజీ చూసి బాగా చేశానన్నాడు. పాపను ఎత్తుకుని బడి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ పాప మా భవాని.

2004 చివరి నుంచి 2010

మొదటి మూడు రోజులు, ఆ బడి గదిలోనే, పాప పాలు సరిగా పట్టలేదు. కాళ్ళూ చేతులూ అదురుతుంటే చలి అనుకుని తువ్వాలు మీద తువ్వాలు చుట్టాం. నాలుగో రోజు నుంచి తాగింది. ఆ గదిలో అమ్మ పక్కన పడుకున్నామె కొడుకు నీళ్ళలో పోయాడు. నా పిల్ల ఆలస్యంగా ఏడ్చింది అని ఆ గదిలో ఎవరితో చెప్పుకుంటారు? అమ్మ చెప్పలేదు. తర్వాత చెప్పడానికి సందర్భం రాలేదు. కొన్నేళ్ళకు అది చెప్పకూడని సంగతిగా గట్టిపడిపోయింది.

మేం లంబాలైన్‌లో అద్దె ఇంటికి మారాం. భవాని కాస్త ఆలస్యంగా నడిచింది, కాస్త ఆలస్యంగా మాట్లాడింది, కానీ రెండూ చేసింది. నడిచిందంటే ఇక ఆగలేదు. వీధిలో ప్రతి కుక్కకూ ఇంటిపేరుతో సహా పేరు పెట్టింది. విమానం దిగే చప్పుడుకు ఇంట్లో ఎవరున్నా సరే వాళ్ళ చెవులు తన చేతులతో మూసేది, తన చెవులు వదిలేసి. ముద్దొస్తే ముద్దుపెట్టదు, నుదుటితో నుదురు గుద్దుతుంది. నాకు ఇప్పటికీ కనుబొమ పక్కన చిన్న మచ్చ ఉంది.

కష్టం వేరే చోట ఉండేది. ఏది మొదలుపెట్టినా మధ్యలో ఆపమంటే ప్రాణం పోయినట్టు అరిచేది. వరసలో నిలబడలేదు. రెండు పనులు చెబితే రెండోది గుర్తుండదు, మొదటిది సగమే. కోపం వస్తే ఎదురుగా ఉన్నది విసిరేది, తల గోడకు కొట్టుకునేది. అయిపోయాక ఒళ్ళో చేరి "అయిపోయింది అన్నియ్యా" అని తనే నన్ను ఓదార్చేది.

ఎవరూ కారణం వెతకలేదు. కారణం అందరికీ తెలుసు కాబట్టి. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఏం చేసినా దీవుల్లో ఒకటే మాట: సునామీ బచ్చా. అన్నం తినకపోయినా, ఉలిక్కిపడినా, మొండికేసినా అదే. కడుపులో ఉండగా భూమి కదిలింది, ఆ భయం పిల్లకు పట్టుకుంది అనేవారు. అమ్మ ఆ మాట కాదనలేదు. ఆ మాట వెనక తన మాట దాచుకోవడం సులువైంది.

2011, 2012

బడిలో చేర్చాక ఇంటి సంగతి ఊరి సంగతి అయింది. నెలకొకసారి హెడ్మిస్ట్రెస్ గది బయట అమ్మా నాన్నా కూర్చునేవారు. ఆ బెంచీ మీద ఎన్నిసార్లు కూర్చున్నారో నా దగ్గర లెక్క ఉంది, రాయను. ఒకసారి భవాని పక్కమ్మాయి చేయి కొరికింది. ఇంకోసారి ప్రార్థనలో నిలబడలేక గేటు దాటి పరుగెత్తింది. ఇలా అయితే ఉంచుకోవడం కష్టమని ఆవిడ నెమ్మదిగానే చెప్పింది. అరిచినా బాగుండేదని నాన్న ఇంటికొచ్చి అన్నాడు.

నేను అప్పుడు పదో తరగతి అయిపోయి పాలిటెక్నిక్‌లో చేరాను. దేనికైనా కొలత ఉంటుందని, కొలిస్తే కారణం దొరుకుతుందని కొత్తగా నమ్మిన వయసు. నోటుబుక్కులో గడులు గీశాను. తేదీ, సమయం, ఏం విసిరింది, ఎంతసేపు, దగ్గర ఎవరున్నారు. రెండు నెలలు నింపినా ఏమీ తేలలేదు. అప్పుడు నాన్న పోర్టు నుంచి టైడ్ టేబుల్ తెచ్చి ఇచ్చాడు. ఏ రోజు, ఏ గంటకు సముద్రం ఎంత ఎత్తుకు వస్తుందో చెప్పే పుస్తకం అది. ఇంకో గడి గీసి, మరో మూడు నెలలు పోటు ఎత్తులు కూడా రాశాను.

అప్పుడు గీత గీశాను. అయిదు నెలల్లో నలభై ఒక్క గొడవలు. అందులో ఇరవై తొమ్మిది పౌర్ణమి, అమావాస్యల చుట్టూ ఉన్న నాలుగైదు రోజుల్లోనే. పోటు పెరిగితే మా చెల్లి పేలుతోంది.

గ్రాఫు కాగితం నాన్న ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇరవయ్యేళ్ళనుంచి ఈ పుస్తకం సూసే ఓడలు కడతన్నాం," అన్నాడు. "ఇది అబద్ధం సెప్పదురా."

అమ్మ లేచింది. వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పింది, ఆ చప్పుడు చాలాసేపు వినిపించింది.

సముద్రం పడని పిల్లను సముద్రం లేని ఊళ్ళో పెట్టాలి. ఇంట్లో తేల్చుకున్నది అదే. పార్వతీపురంలో మా పిన్ని ఉంది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, పంపండి అంది. మధ్యలో ఎవరూ డాక్టరు మాట ఎత్తలేదు. డాక్టరు కంటే నా గ్రాఫు మీద నమ్మకం ఎక్కువ. ఆ నమ్మకం కలిగించినందుకు ఆ వారం నేను కొంచెం గర్వంగా కూడా తిరిగాను. ఇది రాయకుండా దాటేయవచ్చు, కానీ రాయాలి.

హాడో జెట్టీలో విశాఖ ఓడ ఎక్కేటప్పుడు భవానికి ఏడేళ్ళు. అమ్మ తీసుకెళ్ళి దించి రావాలి. నిచ్చెన దగ్గర భవాని నా చొక్కా పట్టుకుంది.

"ఎన్ని రోజులు?"

"వంద," అన్నాను. ఎందుకు వంద అన్నానో తెలీదు. గుండ్రంగా ఉంది.

తను తలాడించి ఓడ ఎక్కింది. కింద నాన్న తన చేత్తోనే ఆ ఓడ తాడు విప్పాడు.

పార్వతీపురంలో కొత్త ఇల్లు, కొత్త బడి, కొత్త వేళలు. తగ్గుతుందనుకున్నది రెట్టింపయింది. పిన్ని ఫోనులో మాత్రం బాగానే ఉంది, అలవాటు పడుతోంది అనేది. ఆమె చెప్పని సంగతి ఒకటుంది. పెరటి గోడ మీద భవాని రోజుకొక పెన్సిల్ గీత గీస్తోంది. ఉప్పు తెమ్మంటే మధ్యలో మరిచిపోయే పిల్ల, ఆ గీత ఒక్క రోజు కూడా మరవలేదు. నూరో రోజు పొద్దున్నే తలంటు పోయించుకుని, సంచి సర్దుకుని, గేటు దగ్గర కూర్చుంది. అన్నానికి రాలేదు. సాయంత్రమైంది. ఎవరూ రాలేదు. అప్పుడు లేచి వెళ్ళి వీధి గది కిటికీ అద్దం పిడికిలితో పగలగొట్టింది.

చేతికి కుట్లు పడ్డాయి. పిన్ని బాబాయి ఆమెను విశాఖ తీసుకెళ్ళి ఒక పిల్లల డాక్టరుకు చూపించారు. ఆవిడ కుట్లు చూసి ఊరుకోలేదు. తల్లిదండ్రులు రావాలి అంది.

2013 మొదట్లో, విశాఖ

ముగ్గురం వెళ్ళాం. వెయిటింగ్ గదిలో గోడకు ఎర్ర అంకెలు వెలిగే డబ్బా ఉంది. మాది నలభై నాలుగు, వెలుగుతున్నది ముప్పై ఒకటి. మమ్మల్ని చూసిన భవాని దగ్గరికి రాలేదు. దూరంగా నిలబడి నన్నే చూసింది.

"వంద అన్నావు," అంది. "వంద అయిపోయింది."

నేను బెంచీ మీద పక్కకు జరిగి చోటు చేశాను.

అరగంటకు తనలో ఉడుకు మొదలవడం మాకు కనిపిస్తూనే ఉంది, బెంచీని మడమతో తన్నడం, గోళ్ళతో సంచి గోకడం. టోకెన్లు పిలిచే అటెండరు నడివయసు మనిషి. వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చుని, తన గొంతు పోయిందని, కాస్త సాయం చేస్తావా అని అడిగాడు. ఆయన గొంతు చక్కగా ఉంది. ఇక ముప్పై ఆరు నుంచి నలభై నాలుగు వరకు భవానీయే పిలిచింది, ఓడ మైకులో చెప్పినట్టు సాగదీసి. నలభై నాలుగు రాగానే "మేమే!" అని తనే ముందు లోపలికి నడిచింది. ఆ అటెండరు పేరు అడగలేదు. ఇప్పటికీ అది నాకు ఒక ఖాళీ గడి.

డాక్టరు నా గ్రాఫు ఓపిగ్గా చూసింది. పక్కన పెట్టి అమ్మను అడిగింది: "పుట్టగానే ఏడ్చిందా?"

ఎనిమిదేళ్ళలో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. అమ్మ చీర కొంగు అంచు వేళ్ళతో నలుపుతోంది. "ఏడ్చింది," అంది.

నాకు అది అబద్ధమని కూడా తట్టలేదు. అంకె తప్పు చెబితే సరిచేసే అలవాటు, అంతే. "నాలుగు వందల పది తర్వాత ఏడ్చింది," అన్నాను.

గదిలో అందరూ నా వైపు తిరిగారు. ఆ రోజు బడి గది బయట లెక్కపెట్టిన సంగతి చెప్పాను. నోటుబుక్కు ఇంట్లో ఇంకా ఉందనీ చెప్పాను. నాన్నకు ఆ పేజీ గుర్తుంది, దాని అర్థం మాత్రం అప్పుడే తెలిసినట్టుంది. కుర్చీ వెనక్కి ఆనుకున్నాడు. అమ్మ అప్పుడు మొత్తం చెప్పింది. నీలంగా ఉన్న ఒళ్ళు, రూత్ దీదీ నోటితో ఊదడం, అదిరే కాళ్ళు.

"బతికింది గదమ్మా," అంది చివరికి. "ఆ రోజు బతికిన పిల్లకి ఇంకా ఏటో లోటుందని ఏ నోటితో సెప్పను?"

డాక్టరు అమ్మ చేయి పట్టుకుంది. తర్వాత నాతో, చిన్నపిల్లాడివి కాబట్టి గబగబా లెక్కపెట్టి ఉంటావు, అయిదు నిమిషాలనుకుందాం, అంది. ఆ తర్వాత చెప్పినది నాకు అర్థమైనంత రాస్తాను. పుట్టేటప్పుడు మెదడుకు ఊపిరి అందకపోతే కొందరు పిల్లలకు నడకే రాదు. కొందరు నడుస్తారు, మాట్లాడతారు, పైకి ఏ తేడా కనపడదు. తేడా ఓపిక దగ్గర ఉంటుంది, గుర్తు దగ్గర ఉంటుంది, ఒక దాని నుంచి ఇంకో దానికి మారే దగ్గర ఉంటుంది. అది పొగరు కాదు, భయం కాదు, పెంపకం తప్పు కాదు. పూర్తిగా పోతుందని చెప్పలేను, కానీ నేర్పితే నేర్చుకుంటుంది, మీరూ నేర్చుకోవాలి.

నాన్న సముద్రం సంగతి అడిగాడు.

"సముద్రం లేని ఊళ్ళో తగ్గిందా?"

"లేదండి. పెరిగింది."

"మరి సముద్రం కాదు కదా." గ్రాఫు నాకు తిరిగిచ్చింది. "నువ్వు రాసినవి తప్పు కాదు బాబూ. ఒక గడి రాయలేదు, అంతే. అదేంటో నువ్వే వెతుకు."

బయటికి వచ్చాక వరండాలో నాన్న అమ్మతో, నాతో ఒకేసారి మాట్లాడాడు. పిల్లను ఇంటికి తీసుకెళ్దాం. ఆర్నెల్లు చూద్దాం. అప్పటికీ బడి వద్దంటే, ఇంట్లో నెగ్గలేకపోతే, మళ్ళీ పార్వతీపురమే, ఇంక మాట మార్చేది లేదు.

ఆ గడి ఓడలోనే దొరికింది. పడకల మీద పడకలుండే బంకు తరగతి గుమ్మం దగ్గర చిన్న నల్లబల్ల ఉంటుంది, భోజనాల వేళలు రాసేది. రెండో రోజు మధ్యాహ్నం పన్నెండు అంకె కొట్టేసి ఒంటిగంట అని రాశారు. ఆకలి మీదున్న జనం గొణుక్కున్నారు. నేను భవాని వైపు భయంగా చూశాను. తను బల్ల చదివింది, కొట్టేసిన అంకె మీద వేలు పెట్టింది, కింది అంకె మీద పెట్టింది, వచ్చి కూర్చుంది. గంటసేపు కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్ళకు అది ఏమీ కాదు. నాన్న నన్ను మోచేత్తో పొడిచాడు. నేను రాయని గడి అదే: ముందే చెప్పని మార్పు.

పోర్ట్‌బ్లెయిర్‌లో దిగిన మర్నాడే బడి బస్సులో పిల్లల్ని ఎక్కించే సుశీలా దీదీ దగ్గరికి వెళ్ళాను. పోటు ఎక్కువున్న రోజుల్లో బస్సు ఎలా వెళ్తుందని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"సునామీ తర్వాత నేల దిగింది కదా భయ్యా. పౌర్ణమికి, అమావాస్‌కి పొద్దున్నే నీచే వాలా పల్లపు రోడ్డు మీద పానీ వచ్చేస్తది. అందుకని బస్సు ఉల్టా తిప్పుతాం. రోజూ మీ ఇల్లు ఫస్ట్, ఆ రోజుల్లో లాస్ట్. అందరికీ తెలిసిందే కదా?"

నిజంగానే అందరికీ తెలుసు. ఆ రోజుల్లో మా దగ్గర ఎవరూ బస్సు ఆలస్యమని చెప్పుకోరు, నీళ్ళొచ్చాయని చెప్పుకుంటారు. అందరం నీళ్ళ వైపు చూశాం. ఆ రోజుల్లో భవాని రోడ్డు పక్కన ఇరవై అయిదు నిమిషాలు నిలబడేది, అటు నుంచి రావలసిన బస్సు ఇటు నుంచి వచ్చేది, ఎక్కితే తన కిటికీ సీటులో ఇంకెవరో ఉండేవారు. చెప్పకుండా లోకం తిరగబడేది. నేను ఆమె కంటే ముందే కాలేజీకి వెళ్ళిపోయేవాణ్ణి కాబట్టి ఏనాడూ చూడలేదు. చూడకుండానే గ్రాఫు గీశాను, ఆ గ్రాఫుతో ఏడేళ్ళ పిల్లను ఓడ ఎక్కించాను.

2013 నుంచి

నాన్న పోర్టులో పారేసిన నల్లబల్ల ముక్క తెచ్చి గుమ్మం పక్కన మేకు కొట్టాడు. ఓడల పట్టికలాగే మూడు గడులు: పని, టైము, మార్పు. ఇంట్లో ఏది మారినా జరగకముందే మూడో గడిలో రాయాలి, భవానిని పిలిచి చూపించాలి. చుట్టాలొస్తే రాయాలి. కూర మారితే రాయాలి. సుశీలా దీదీకి బల్ల సంగతి చెబితే నవ్వలేదు. పోటు రోజుల్లో బస్సు కదలక ముందే ఫోను చేసేది, "ఆజ్ ఉల్టా" అని రెండే మాటలు. ఒక్కసారి కూడా మరవలేదు. భవాని పెద్ద బడికి మారేదాకా చేసింది.

ముందే తెలియని మార్పులు ఉంటాయి కదా. కరెంటు పోవడం, వాన. వాటికి నా దగ్గర ఉన్నది ఒక్కటే, నాన్న నాకిచ్చినది. లెక్కపెట్టు అన్నాను. ఎంతవరకు వచ్చిందో నాకు చెప్పు, నేను రాసుకుంటాను. మొదట్లో తొమ్మిదికి పేలేది. తర్వాత ముప్పై. ఆ ఆర్నెల్లలో పోయినవి: రెండు గాజు గ్లాసులు, ఒక రేడియో, ఇడ్లీ రేకు ఒకటి, నా డ్రాయింగు స్కేలు. ఏమీ జరగనట్టు రాస్తే అబద్ధమవుతుంది. ఒక మంగళవారం నాన్న కూడా నెగ్గలేక చేయి ఎత్తాడు, కొట్టలేదు, ఆ చేయి జేబులో పెట్టుకుని జెట్టీ దాకా నడిచి వెళ్ళి వచ్చాడు.

నాలుగో నెలలో బల్ల మీద ఒక కొత్త వరస కనిపించింది, భవాని గుండ్రటి అక్షరాలతో: 'నాన్న అరుపు, 8:00.' రోజూ ఆ వేళకు వార్తలు చూస్తూ అరుస్తాడని గమనించినట్టుంది. నాన్న డ్యూటీ నుంచి వచ్చి చదివాడు. ఎనిమిదికి లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "ఓయ్!" అని ఒక్క అరుపు అరిచి కూర్చున్నాడు. భవాని తృప్తిగా దాన్ని చెరిపేసింది. అమ్మ నవ్వుతూ వంటింటి గడప మీద కూర్చుండిపోయింది. ఆర్నెల్ల గడువు ఆ తర్వాత ఎప్పుడు దాటిందో ఎవరూ చెప్పుకోలేదు. నేను మాత్రం తేదీ రాసుకున్నాను.

భవాని పెద్ద బడికి మారిన సెలవుల్లో అమ్మ తనే బయలుదేరి భవానిని మాయాబందర్ తీసుకెళ్ళింది. నేను తోడు వెళ్ళాను. రూత్ దీదీ రిటైరయింది, జెట్టీ దగ్గర అందరికీ ఆమె ఇల్లు తెలుసు. ఇన్నేళ్ళూ అమ్మ మనసులో ఒక మూల ఆమె మీద చిన్న కోపం ఉండేదని దారిలో నాకు చెప్పింది, ఇంకొంచెం గట్టిగా ఊది ఉంటే అని. తలుపు తీసిన దీదీ అమ్మను గుర్తుపట్టలేదు, అమ్మ ఆ బడి సంగతి ఎత్తగానే భవానిని చూసి గుర్తుపట్టింది. ఆ పిల్ల నడుస్తోందో లేదో అని ఇన్నేళ్ళుగా ప్రతి క్రిస్మస్‌కూ అనుకునేదట, భయపడి ఎవరినీ అడగలేదట.

"మేరే పాస్ కుఛ్ నహీ థా బహెన్," అంది అమ్మతో. "సాఁస్ థీ. వహీ దే దీ."

తన దగ్గర ఉన్నది తన ఊపిరే, అదే ఇచ్చింది. భవాని వెళ్ళి దీదీ నుదుటికి తన నుదురు గట్టిగా గుద్దింది. అమ్మ తెచ్చిన చీర ఇవ్వడం మరిచిపోయి, బస్సు దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇచ్చింది.

ఇది చదివేవాళ్ళలో ఇలాంటి పిల్లలున్నవాళ్ళు ఉంటే రెండు మాటలు. పుట్టగానే ఏడ్చిందా అని ఎవరూ అడగకపోయినా మీరే చెప్పండి. ఆ మాట తప్పొప్పుకోవడం కాదు, డాక్టరుకు దారి చూపించడం. రెండోది నాలాంటి లెక్కల మనుషులకు: మీ లెక్క సరిపోయినంత మాత్రాన కారణం దొరికిందని పిల్లను ఇంట్లోంచి పంపకండి.

2023

భవానికి పద్దెనిమిది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రెండో ప్రయత్నంలో అయింది. బజారులో ఒక ఆంధ్రావాళ్ళ స్టేషనరీ కొట్టులో పొద్దున నాలుగు గంటలు పని, వచ్చిన సరుకు లెక్కచూసి అరల్లో సర్దడం. లెక్కలో తప్పు రాదని యజమాని మెచ్చుకున్నాడు. షరతు ఒక్కటే, ఆమెను ఎవరో ఒకరు రోజూ తెచ్చి దించే పని ఉండకూడదు, తనే రావాలి, తనే వెళ్ళాలి. ఒక వారం చూస్తానన్నాడు.

ఫ్రిజ్ మీద అప్పటికి ఒక ఫారం ఉంది. ఒంటరిగా బతకలేని పెద్దవాళ్ళను చేర్చుకునే ఇల్లు ఒకటి విశాఖ దగ్గర ఉందని పిన్ని పంపింది. నాన్న రిటైరయ్యాడు, మోకాళ్ళు బాగాలేవు. "మేం ఉన్నన్నాళ్ళూ సరే. తరవాతేటి?" అని నన్నడిగాడు. నేనున్నానన్నాను. నేను కరెంటు ఆఫీసులో జూనియర్ ఇంజినీర్ని, ఎప్పుడు ఏ దీవికి బదిలీ అయ్యేదీ తెలియదని ఆయనకు తెలుసు. ఫారం అంతా నింపి ఉంది, సంతకం తప్ప. కొట్టు పని కుదిరితే అది అక్కర్లేదు. కుదరకపోతే పెడతాడు.

మొదటి రెండు రోజులు బాగానే వెళ్ళొచ్చింది. మూడో రోజు ఎనిమిది ఇరవై బస్సుకు తను కిందికి దిగాక నేను షేవింగు చేసుకుంటూ గోడ మీది క్యాలెండరు చూశాను. పౌర్ణమి. పల్లపు రోడ్డును ఎత్తు పెంచారు కానీ పెద్ద పోటుకు ఇప్పటికీ మునుగుతుంది, ఆ రోజు బజారు బస్సు కూడా ఉల్టా తిరుగుతుంది. ఆ రోజు టైడ్ టేబుల్ చూడటం నా వంతు. చూడలేదు. మార్పు గడి ఖాళీగా ఉంది.

కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఎనిమిది ఇరవై అయింది. ఇరవై నాలుగయింది. బస్సు లేదు. స్టాపులో భవాని అటే, బస్సు రోజూ వచ్చే వైపే చూస్తోంది. సంచి పట్టీని గోకడం మొదలుపెట్టింది. అమ్మ అప్పటికే చెప్పులేసుకుంది. నాన్న గుమ్మానికి చేయి అడ్డం పెట్టాడు.

"ఆగు," అన్నాడు. "దిగితే ఇంక రోజూ దిగాల."

అమ్మ ఆగింది. ముగ్గురం కిటికీలోంచి చూస్తున్నాం. మడమతో రాయిని తన్నింది, ఒకసారి, రెండుసార్లు. తర్వాత గోకడం ఆగింది. కుడిచేతి వేళ్ళు తొడ మీద ఒక్కొక్కటే కదలడం కనిపించింది. పెదవులు కదులుతున్నాయి. ఎనిమిది ముప్పై ఆరుకు బస్సు వచ్చింది, రావలసిన వైపు నుంచి కాదు, రోడ్డుకు అవతల నుంచి. భవాని దాన్ని చూసింది. రోడ్డు కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, దాటింది, ఎక్కింది.

అమ్మ చెప్పులు విప్పలేదు. అలాగే కుర్చీలో కూర్చుంది. నాన్న ఫ్రిజ్ మీది ఫారం తీసి, వెనక వైపు తెల్లగా ఉందని, బల్ల పక్కన చిత్తుకాగితాల క్లిప్పులో పెట్టాడు.

మధ్యాహ్నం తిండికి నేను ఇంటికి వచ్చేసరికి భవాని బల్ల ముందు ఉంది. ఉదయం వరసకు ఎదురుగా మార్పు గడిలో 'బస్సు ఉల్టా' అని రాస్తోంది, అయిపోయిన దానికి కూడా. నేను రాయడం మరిచిపోయానని, తప్పు నాదని చెప్పాను.

"తెలుసు," అంది సుద్దముక్క కింద పెట్టి. "నోటుబుక్కు తే అన్నియ్యా, రాసుకో."

తెచ్చాను. ఎంతవరకు వచ్చిందని అడిగాను.

ఆరు వందల పన్నెండు.